చల్లబడని సీసా

శుక్రవారం, జుమ్మా అయిపోయాక,
సొహార్ పోర్టు రోడ్డు వెనక మూడో నంబరు క్యాంపు మెస్సులో
ప్రొజెక్టరు పెట్టాను.
తెర లేదు. ఎవరిదో దుప్పటి కట్టారు,
దానిమీద పులి బొమ్మ.
నా గ్రాఫు పులి మూతి మీదుగా పైకి పోయింది.

ఆరేళ్ళ పని అది.
నూట నలభై మంది ఒంట్లోంచి కారిన చెమటని
గ్రాముల లెక్కన తూచి రాసుకున్న పని.
నాకు తెలిసి పదకొండు మంది చదివారు,
అందులో ఇద్దరు నన్ను తిట్టడానికే.

"తడి బల్బు ఉష్ణోగ్రత" అన్నాను.
ముప్ఫై తలలు ఒక్కసారే పైకి లేచి
మెస్సులో వేలాడే బల్బు వంక చూశాయి.

నేను నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.
ఇంకో రెండు స్లైడ్లు నడిపాను,
వడపోత రేటు అన్నాను, సగటు అన్నాను.
వెనక ఎవరో రాత్రికి చపాతీ పిండి పిసుకుతున్నారు.
ఆ చప్పుడు నా మాటకంటే నిలకడగా ఉంది.

అప్పుడు లేచాడు లింబాద్రి.
ఆర్మూరు అవతల ఊరు, పదిహేడేళ్ళ సెంట్రింగు పని.
"ఒక్కటడుగుత మేడం, కోపం జెయ్యకు.
గోనెసంచి తడిపి సీసకు సుట్టి నీడకు యాలాడదీస్తం.
ఒక్కోరోజు గంటల సల్లగైతయి నీళ్ళు.
ఒక్కోరోజు ఎన్నిసార్లు తడిపినా గట్లనే, గోరెచ్చగ.
గా దినమే మాల ఎవడో ఒకడు పడతడు.
నువ్వు జెప్పేది గిదేనా?"

అదే.
అచ్చంగా అదే.
గాలికి దాహం తీరిపోయిన రోజు
సీసా చల్లబడదు, మనిషీ చల్లబడడు.
చెమట ఊరికే కారిపోతుంది, కూలి దొరకని మనిషిలా.

ప్రొజెక్టరు ఆపేశాను. పులి మళ్ళీ పులి అయింది.

"ఎండపూట పని బంద్ జేస్తరు, మంచిదే.
గని సీస మొండికేసేది తెల్లారగట్ల నాలుగింటికి,
సముద్రం దిక్కుకెళ్ళి గాలొచ్చినప్పుడు.
అప్పుడు మేం పైన ఉంటం."

నా కాగితాల్లో నాలుగింటి లెక్క లేదు.
నా పరికరాలు ఏడింటికి నిద్ర లేచేవి.
నేనూ అంతే.

ఇక నా వంతు. వాళ్ళకి తెలియనిది నా దగ్గర ఒకటుంది.
మూత్రం అనబోయి ఉచ్చ అన్నాను.
ముందు బెంచీలో ఇద్దరు తల దించుకున్నారు,
మిగతావాళ్ళు మొదటిసారి నా మొహంలోకి చూశారు.
అది డికాషన్ రంగులోకి వచ్చిందంటే
లోపల జల్లెడ ఎండుతున్నట్టు.
ఎండిన జల్లెడ మీద నొప్పి గోళీ వేస్తే
చిల్లు పడుతుంది, మళ్ళీ అతుకు పడదు.

పోశెట్టి అనే కుర్రాడు, ఇరవై నాలుగుండవు,
చొక్కా జేబులోంచి గోళీల అట్ట తీసి
బల్లమీద పెట్టాడు.
పదింటిలో రెండే మిగిలాయి.
"దినాం రెండు, మేడం. నడుము కోసం."
పిండి పిసికే చప్పుడు ఆగిపోయింది.
ఆరేళ్ళలో నన్ను ఎవరూ
అంత కష్టమైన ప్రశ్న అడగలేదు.
తెలియదు అన్నాను. రక్తం పరీక్ష చేయిద్దాం అన్నాను.
రెండూ నిజమే.

మా విభాగం వాళ్ళిచ్చిన ఫారంలో ఒక గడి ఉంది:
"హాజరైన శ్రోతలు".
ఒకటి అని రాసి, కొట్టేసి, ఖాళీగా వదిలేశాను.
ఆ రోజు విన్నది నేనే కదా ఎక్కువ.

ఇప్పుడు నాలుగింటికి నా ఫోను మోగుతుంది.
లింబాద్రి గొంతు, వెనక జనరేటరు,
ఒక్క మాట: "అయింది", లేదా "కాలే".
ఏసీ చప్పుడులో లేచి కూచుని రాసుకుంటాను.

మొన్న "కాలే" తర్వాత ఇంకొంచెం ఉంది:
"ఫోర్మన్ చేతికి సీస ఇచ్చిన.
పట్టుకొని జూసిండు.
అరగంట కూసోమన్నడు."

అరగంట.
నా గ్రాఫులో అదెంత ఉంటుందో
స్కేలు పెట్టి కొలిచాను.
పులి మీసమంత.